గోథిక్ అక్షరాల్లో సి, హెచ్, ఐ, ఆర్, జెడ్ మాత్రమే డబ్బాలుగా ఎందుకొస్తున్నాయి?

బీజగణితం_బాబు

అందరికీ నమస్కారమండీ. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తుంటాను. ఎమ్మెస్సీకి వెళ్దామనుకునే పిల్లల కోసం లై ఆల్జీబ్రాల మీద, నంబర్ థియరీలో ఐడియల్స్ మీద తెలుగులో నోట్సు రాసి ఒక చిన్న సైట్లో పెడుతున్నా. ఈ రెండు సబ్జెక్టుల్లోనూ పాత జర్మన్ పుస్తకాల్లో ఉండే ఆ కొక్కేల అక్షరాలు లేకుండా పేజీ నడవదు కదా, క్లాసులో మేం గోథిక్ జీ, గోథిక్ పీ అంటాం, పుస్తకాల్లో ఫ్రాక్టూర్ అని ఉంటుంది.

సమీకరణం విడిగా వచ్చేచోట లేటెక్‌లో (లెక్కలు టైపు చేసే పద్ధతి) మ్యాథ్‌ఫ్రాక్ కమాండ్ కొడితే సైట్లో దాన్ని లెక్కగా చూపించే మ్యాథ్‌జాక్స్ చూసుకుంటోంది, దాంతో పేచీ లేదు. తలనొప్పంతా వాక్యం మధ్యలో ఒక్క అక్షరం కావాల్సొచ్చినప్పుడు, హెడ్డింగుల్లో, ఇంకా పిల్లల వాట్సాప్ గ్రూపులో డౌట్లకి జవాబు రాసేటప్పుడు. అక్కడ లేటెక్ రాదు. యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ఒక కోడు నంబరు ఇచ్చే పట్టికలో, ఈ అక్షరాలు విడిగా ఉన్నాయని తెలిసి, ఊరికే కాపీ చేసుకోడానికి మొత్తం వర్ణమాల ఒకచోట పెట్టుకుందామని పైథాన్‌లో నాలుగు లైన్లు రాశా. పెద్ద ఏ 1డి504 దగ్గర ఉంది, అక్కడ్నుంచి ఒక్కొక్కటి కలుపుకుంటూ పోతే జెడ్ దాకా రావాలి. వచ్చాయి, కానీ సి, హెచ్, ఐ, ఆర్, జెడ్ ఈ ఐదింటి చోట ఖాళీ డబ్బాలు. చిన్న అక్షరాలైతే ఏ నుంచి జెడ్ దాకా అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఫాంటు మార్చి చూశా, వేరే కంప్యూటర్లో చూశా, అవే ఐదు.

రెండో విచిత్రం, సైట్లో కామెంట్ల దగ్గర. ఒకమ్మాయి రియల్ పార్ట్, ఇమాజినరీ పార్ట్ గుర్తులు, అదే గోథిక్ ఆర్, గోథిక్ ఐ పెట్టి కామెంటు రాస్తే చక్కగా వచ్చింది. ఇంకో అబ్బాయి గోథిక్ జీ పెట్టి రాస్తే సరిగ్గా ఆ అక్షరం దగ్గర కామెంటు తెగిపోయింది, తర్వాత రాసిందంతా గాయబ్. తెలుగు ఎంత రాసినా ఏం కావట్లేదు మరి.

మూడోది సలహా. మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఇవన్నీ షోకు, మామూలు జీ రాస్తే చచ్చిపోతామా అంటున్నారు. వాక్యం మధ్యలో ఈ యూనికోడ్ అక్షరాలు వాడటం అసలు పద్ధతేనా, వాడితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అక్షరాలపిచ్చి

మీ కోడు తప్పేం కాదండీ, యూనికోడ్ టేబుల్లోనే ఆ ఐదు గళ్లూ ఖాళీగా ఉన్నాయి. కావాలనే ఖాళీగా పెట్టారు.

కథేంటంటే, లెక్కల కోసం ఈ స్టైలు అక్షరాల బ్లాకు 2001లో యూనికోడ్ 3.1తో వచ్చింది, 1డి400 నుంచి 1డి7ఎఫ్ఎఫ్ దాకా. బోల్డ్, ఇటాలిక్, స్క్రిప్ట్ (గొలుసుకట్టు), ఫ్రాక్టూర్, డబుల్ స్ట్రక్ (జంట గీతలవి) అన్నీ కలిపి దాదాపు వెయ్యి గుర్తులు. కానీ అప్పటికే, అంటే 1993 నాటి యూనికోడ్ 1.1లోనే, లెటర్‌లైక్ సింబల్స్ అని ఇంకో చిన్న బ్లాకులో కొన్ని అక్షరాలు వచ్చేసి ఉన్నాయి. మీ ఐదూ అక్కడ ఉన్నవే. సి 212డి, హెచ్ 210సి, ఐ 2111, ఆర్ 211సి, జెడ్ 2128. ఒకే గుర్తుకి రెండు కోడ్లు ఇస్తే వెతుకులాటలో, పోలికల్లో గందరగోళం కాబట్టి మళ్లీ ఇవ్వలేదు. అలాగని మిగతావాళ్లని ముందుకీ జరపలేదు. బస్సులో ఆ ఐదుగురూ ముందే ఎక్కి వేరే సీట్లలో కూర్చుంటే, వాళ్ల పేరు మీదున్న సీట్లు కండువా వేసి అలాగే వదిలేశారన్నమాట. అలా వదలబట్టే మీ కూడిక లెక్క మిగతా 21 అక్షరాలకి సరిపోయింది. కోడ్‌లో ఆ ఐదింటికి చిన్న డిక్షనరీ పెట్టి దారి మళ్లించండి, అయిపోతుంది.

రియల్, ఇమాజినరీ గుర్తులు అంత ముందే రావడంలో ఆశ్చర్యం లేదు, పాత సింబల్ ఫాంటులోనే ఆ రెండూ ఉండేవి, 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4లో వాటికి పేర్లు కూడా ఇచ్చారు.

ఇలాంటి ఖాళీలు ఫ్రాక్టూర్‌కే కాదు. ఇటాలిక్ చిన్న హెచ్ చోటు 1డి455 ఖాళీ, ఎందుకంటే ప్లాంక్ స్థిరాంకం గుర్తు 210ఇ దగ్గర అప్పటికే ఉంది. డబుల్ స్ట్రక్‌లో ఏడు పెద్ద అక్షరాలు లేవు, సి, హెచ్, ఎన్, పి, క్యూ, ఆర్, జెడ్, అంటే మనం సంఖ్యా సమితులకి రోజూ వాడేవన్నీ పాత బ్లాకులోనే. స్క్రిప్ట్‌లో కూడా ఉన్నాయి గుంటలు. సో రేపు ఇంకో స్టైలుకి ఇదే కోడు తిప్పితే మళ్లీ డబ్బాలొస్తాయి, కంగారు పడకండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. బోల్డ్ ఫ్రాక్టూర్ అని వేరే వరస ఉంది, 1డి56సి నుంచి 1డి59ఎఫ్ దాకా, అందులో 52 అక్షరాలూ ఒక్క గుంట లేకుండా ఉంటాయి, దాంతో చాలామంది సరే ఇదే వాడేద్దాం అని పెద్ద సి, హెచ్‌లు అందులోంచి తెచ్చి మామూలు ఫ్రాక్టూర్‌లో కలిపేస్తారు. చూడ్డానికి కాస్త లావుగా ఉంటుందంతే అనిపిస్తుంది కానీ యూనికోడ్ లెక్కలో అది వేరే చిహ్నం, లెక్కల్లో కూడా మామూలుది ఒకటి బోల్డ్ ఒకటి అని తేడా పెట్టి వాడేవాళ్లుంటారు.

క్యారెక్టర్ మ్యాప్‌లో వెతికేటప్పుడు ఇంకో తిరకాసు. ఆ పాత ఐదింటి అధికారిక పేర్లలో బ్లాక్‌లెటర్ అని ఉంటుంది, మిగతావాటి పేర్లలో మ్యాథమెటికల్ ఫ్రాక్టూర్ అని ఉంటుంది. ఫ్రాక్టూర్ అని కొట్టి వెతికితే ఆ ఐదూ కనపడవు, లేవేమో అనుకుంటాం.

టైపు చేయడానికైతే, వర్డ్‌లో 1డి524 అని కొట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కండి, చిన్న గోథిక్ జీ వస్తుంది. వర్డ్ ఈక్వేషన్ బాక్సులోనైతే బ్యాక్‌స్లాష్ కొట్టి ఫ్రాక్టూర్, దాని వెంటే జీ అని ఇంగ్లిష్‌లో కలిపి రాసి స్పేస్ కొడితే మారిపోతుంది. హెచ్‌టీఎంఎల్ చేత్తో రాస్తుంటే ఆంపర్సాండ్, జి ఎఫ్ ఆర్, సెమీకోలన్, అంతే. ఈ ఎఫ్ ఆర్ పేర్లు వాడితే మీ ఐదు అక్షరాల గొడవే రాదు, పెద్ద సి పెట్టి ఎఫ్ ఆర్ అంటే బ్రౌజరే తిన్నగా 212డి దగ్గరికి వెళ్తుంది.

ఓరుగల్లు_పిల్లగాడు

అన్నా గీ అక్షరాలకి గింత కథ ఉందా. నేనైతే గేముల నా పేరు మొత్తం గిట్లనే పెట్టుకున్న, మస్తు కనిపిస్తది, ఏదో వెబ్‌సైట్ల పేరు కొడితే మార్చి ఇస్తది కదా, గదే. గివి లెక్కల అక్షరాలని ఇయ్యాలనే తెలిసింది. ఒక డౌటు, తెలుగుల పేరు కొడితే ఏం మారదు, గట్లనే వస్తది. మనకెందుకు లేవు ఇసొంటివి?

అక్షరాలపిచ్చి

తమ్ముడూ, ఆ వెబ్‌సైటు ఫాంటేం మార్చట్లేదు, నీ పేరులో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం తీసేసి దానిచోట లెక్కల గుర్తు పెడుతోంది, ఎక్కువగా బోల్డ్ ఫ్రాక్టూర్‌వి. యూనికోడ్ వాళ్లు వీటిని ఇచ్చింది లెక్కల కోసం, పేర్లు సింగారించుకోడానికి కాదు, కానీ దారిన పడి ఉన్నాయి కదా అని జనం వాడేసుకున్నారు. తెలుగుకి లేకపోవడానికి కారణం కూడా అదే. ఒకే అక్షరాన్ని బోల్డ్‌లో రాస్తే ఒక అర్థం, వంకరగా రాస్తే ఇంకో అర్థం అనే అలవాటు తెలుగులో లెక్కలు రాసేటప్పుడు లేదు, మన పాఠ్యపుస్తకాల్లో వివరణ తెలుగులో ఉన్నా ఎక్స్, వై లాంటివి ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి. అరబిక్‌లో ఆ అలవాటు ఉంది, అరబిక్ అక్షరాలతోనే సమీకరణాలు రాస్తారు, అందుకని 2012లో యూనికోడ్ 6.1తో వాళ్లకి లెక్కల అక్షరాల బ్లాకు విడిగా ఇచ్చారు.

కాకినాడ_కోడర్

బాబు గారూ, మీ రెండో ప్రశ్నకి జవాబు నేను చెప్తా. మీరు ఇచ్చిన రెండు కామెంట్లలోనే క్లూ ఉందండీ, ఆర్, ఐ బతికాయి, జీ చచ్చింది. పైన చెప్పినట్టు ఆర్, ఐ పాత బ్లాకులోవి, నాలుగంకెల కోడు, యుటిఎఫ్ 8లో (యూనికోడ్ అక్షరాల్ని కంప్యూటర్లో దాచే పద్ధతి) 3 బైట్లు. జీ 1డి524, అయిదంకెలు, 4 బైట్లు. తెలుగు అక్షరాలన్నీ 0సి00 నుంచి 0సి7ఎఫ్ మధ్యలోవి కాబట్టి అవీ 3 బైట్లే. అంటే మీ డేటాబేస్ 3 బైట్ల దాకా తీసుకుని 4 బైట్లది కనపడగానే చేతులెత్తేస్తోంది.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో యుటిఎఫ్8 అనే పేరుతో చాలాకాలం ఉన్నది ఈ 3 బైట్ల రకమే. పూర్తి 4 బైట్లది కావాలంటే యుటిఎఫ్8ఎంబి4 అని ఎంచుకోవాలి, అది 5.5.3 వెర్షన్లో వచ్చింది. స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే ఎర్రర్ ఇచ్చి కామెంటే తీసుకోదు, ఆఫ్‌లో ఉంటే ఆ అక్షరం నుంచి చివరిదాకా కోసేసి మిగతాది దాచుకుంటుంది, మీ దగ్గర జరిగింది ఇదే అయ్యుంటుంది. తెలుగు సైట్లలో ఇది ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి కారణం తెలుగు 3 బైట్లలో సరిపోవడమే, ఎవరో ఒకరు ఎమోజీ పెట్టినప్పుడు బయటపడుతుంది, ఎందుకంటే ఎమోజీలు కూడా చాలావరకు 4 బైట్లవే. ఒక ఎమోజీ పెట్టి కామెంటు రాసి చూడండి, అదీ తెగితే ఖాయం. వర్డ్‌ప్రెస్ అయితే 2015లో 4.2 నుంచి ఎంబి4కి మారింది, కానీ అంతకుముందు పెట్టిన పాత టేబుళ్లు కొన్ని మారకుండా ఉండిపోతాయి, టేబుల్, కాలమ్, కనెక్షన్ మూడూ చూసుకోవాలి, ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఫలితం సున్నా. మార్చేముందు బ్యాకప్ తీసుకోండి బాబూ.

జావాస్క్రిప్ట్‌లో కూడా ఇదే తేడా ఇంకో రూపంలో వస్తుంది. గోథిక్ జీ ఒక్కటే ఉన్న స్ట్రింగ్ పొడవు అడిగితే 2 అంటుంది, గోథిక్ ఆర్‌కి 1 అంటుంది. అక్షరాలు లెక్కపెట్టి కామెంటు మధ్యలో కోసి, మిగతాది చదవండి అని పెట్టే కోడు ఉంటే జీని సగానికి కోసేసి ప్రశ్నార్థకం గుర్తు చూపిస్తుంది.

మీరు పైథాన్ అన్నారు కాబట్టి ఇంకోటి, ఇది నాకు మహా సరదాగా ఉంటుంది. పైథాన్ 3లో గోథిక్ జీని వేరియబుల్ పేరుగా పెట్టొచ్చు, ఎర్రర్ రాదు. గోథిక్ జీకి 5 ఇచ్చి, కింద మామూలు జీని ప్రింట్ చేయండి, 5 వస్తుంది! పైథాన్ వేరియబుల్ పేర్లన్నిటినీ ఎన్ఎఫ్‌కేసీ అనే పద్ధతిలో సాదా చేసేసుకుంటుంది, ఆ పద్ధతిలో ఫ్రాక్టూర్ జీ, బోల్డ్ జీ, ఇటాలిక్ జీ అన్నీ కలిసి మామూలు జీ అయిపోతాయి. గ్రూపు మూలకానికి మామూలు జీ, లై ఆల్జీబ్రాకి గోథిక్ జీ అని పెట్టుకుని ప్రోగ్రాం రాస్తే ఒకదాని మీద ఒకటి పడి ఎగిరిపోతాయి. జూలియాలో అలా కలపదు, అక్కడ రెండూ రెండు వేరియబుళ్లే.

ఈ ఎన్ఎఫ్‌కేసీ సంగతి మీ సైటుకీ ముఖ్యం. సెర్చి కోసం ఇండెక్స్ తయారుచేసేటప్పుడు వాడటం మంచిదే, పిల్లలు మామూలు జీ కొట్టి వెతికినా దొరుకుతుంది. కానీ అసలు రాతని దాచేటప్పుడు దాని జోలికి పోకండి, దాచేది ఎన్ఎఫ్‌సీ అనే ఇంకో పద్ధతిలో దాచుకోండి, దానికి గోథిక్ గోథిక్‌గానే ఉంటుంది.

నల్లబల్ల

నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. మూడో ప్రశ్నకి నా మాట కొంచెం మీ స్టాఫ్ రూమ్ ఆయన వైపే ఉంటుంది, కానీ పూర్తిగా కాదు.

ముందు ఇవి షోకు కాదు అనేది చెప్పాలి. 19వ శతాబ్దంలో జర్మన్ పుస్తకం అంటే చాలావరకు ఈ ఫ్రాక్టూర్‌లోనే అచ్చయ్యేది, లెక్కల చరరాశులు మాత్రం లాటిన్ ఇటాలిక్‌లో వేసేవాళ్లు. అంటే ప్రెస్సులో ఇంకో పూర్తి వర్ణమాల ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. సంఖ్యలకి మామూలు అక్షరాలు అయిపోతే, సంఖ్యల గుంపులాంటి ఐడియల్‌కి ఏ అక్షరం పెట్టాలి? డెడెకిండ్ ఐడియల్స్‌కి ఫ్రాక్టూర్ చిన్న అక్షరాలు పెట్టాడు, తర్వాతవాళ్లు అదే దారి పట్టారు. 1941 జనవరిలో నాజీ ప్రభుత్వమే ఫ్రాక్టూర్ వద్దని ఉత్తర్వు తెచ్చింది, ఆ తర్వాత జర్మనీలో రోజువారీ అచ్చులోంచి పోయింది, లెక్కల్లో మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు మీరు లేటెక్‌లో మ్యాథ్‌ఫ్రాక్ కొడితే మామూలుగా వచ్చేది ఆయిలర్ ఫ్రాక్టూర్, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ కోసం హెర్మన్ జాఫ్ గీసింది, లేటెక్‌కి మూలమైన టెక్ తయారుచేసిన కనూత్ కూడా ఆ పనిలో ఉన్నాడు.

ఇక ఎక్కడ వాడాలి. నా లెక్క ఒక్కటే, గోథిక్ తీసేసి మామూలు అక్షరం పెడితే వాక్యం అబద్ధమో అయోమయమో అయితే గోథిక్ ఉండాలి. గాసియన్ పూర్ణసంఖ్యల్లో 5ని 2 ప్లస్ ఐ, 2 మైనస్ ఐల లబ్ధంగా రాస్తాం కదా. 2 ప్లస్ ఐ పుట్టించే ప్రధాన ఐడియల్‌ని గోథిక్ పీ అంటాం, 5ని మామూలు పీ అంటాం, గోథిక్ పీ మామూలు పీ మీద ఉంది అని చెప్తాం. గోథిక్ పోతే పీ మీద పీ ఉంది అవుతుంది, పిల్లాడు ఏం చదువుకుంటాడు? అలాగే లై గ్రూపు పెద్ద జీ, అందులో మూలకం చిన్న జీ, ఆ గ్రూపు తాలూకు ఆల్జీబ్రా గోథిక్ జీ. చిన్న జీ ఇచ్చే ఎడ్జాయింట్ మ్యాప్ గోథిక్ జీ నుంచి గోథిక్ జీకి పోతుంది. అన్నీ మామూలు జీలు చేసి రాసి చూడండి, దేవుడు కూడా అర్థం చేసుకోలేడు. యూనికోడ్ వాళ్లు ఈ అక్షరాలని విడిగా ఇచ్చింది కూడా ఇదే వాదన మీద, వాళ్ల పుస్తకంలో హామిల్టోనియన్ సూత్రం ఉదాహరణ ఉంది, స్క్రిప్ట్ హెచ్‌కీ అందులోనే ఉన్న మామూలు హెచ్‌కీ తేడా పోతే సూత్రం ఇంకేదో అయిపోతుంది.

కానీ ఎస్ఎల్ 2 లాంటి చోట నేను పట్టుబట్టను. పెద్ద అక్షరాల్లో రాస్తే డిటర్మినెంట్ 1 ఉన్న మాత్రికల గ్రూపు, చిన్న అక్షరాల్లో రాస్తే ట్రేస్ సున్నా ఉన్న మాత్రికల ఆల్జీబ్రా, చిన్నా పెద్దా తేడా చాలు. ఫిజిక్సు వాళ్లు చాలామంది ఎస్‌యూ 2ని అలా మామూలు చిన్న అక్షరాల్లోనే రాసి హాయిగా బతుకుతున్నారు. వాట్సాప్‌లో ఇంత తిప్పలు పడి అక్షరం ఏరుకుని పెట్టేకన్నా అలా రాసేయండి.

హెడ్డింగులో అసలు వద్దు. అక్కడ లై ఆల్జీబ్రా అని మాటల్లో రాయండి. గుర్తు అనేది ఒకసారి పరిచయం చేశాక వాడుకునే వస్తువు, పరిచయం కాకముందే హెడ్డింగులో ఎక్కించడమేంటి.

ఇంకోటి, గోథిక్ పెద్ద అక్షరాలు మన పిల్లలకి చదవడం రాదు. ఏ ని చూసి యూ అంటారు, వాళ్ల తప్పేం లేదు అది అలాగే ఉంటుంది. బీకి వీకి మధ్య, ఐకి జేకి మధ్య కూడా అంతే. చిన్నవాటిలో కే, టీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని ఎంచుకునే అవకాశం ఉంటే గోథిక్ జీ, హెచ్, పీ, ఎమ్ లాంటి అందరూ వాడేవే వాడండి, మోడల్ థియరీ పుస్తకాల్లోలాగా పెద్ద గోథిక్ ఏ వాడాల్సొస్తే మొదటిసారి వచ్చినప్పుడు ఇది ఏ అని బ్రాకెట్లో చెప్పేయండి, సిగ్గేం లేదు.

వినికిడి

నాకు చూపు లేదు, తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ మీద చదువుకుంటాను, ఈ థ్రెడ్డు కూడా అలాగే విన్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి నా వైపు నుంచి చెప్తా.

ఓరుగల్లు తమ్ముడి పేరు లాంటివి నాకు రెండు రకాలుగా వినిపిస్తాయి. వాయిస్ ఇంజన్‌కి ఆ అక్షరాలు తెలియకపోతే పేరు చోట ఏమీ వినపడదు, ఎవరో ఏదో అన్నారు అన్నట్టుగా ఉంటుంది. తెలిస్తే ఒక్కో అక్షరానికీ దాని పూర్తి పేరు చదువుతుంది, మ్యాథమెటికల్ బోల్డ్ ఫ్రాక్టూర్ క్యాపిటల్ ఫలానా, మ్యాథమెటికల్ బోల్డ్ ఫ్రాక్టూర్ స్మాల్ ఫలానా అంటూ పేరు అయ్యేసరికి అసలు మెసేజు మీద ఆసక్తి పోతుంది. ఎన్‌వీడీఏ 2024.3లో యూనికోడ్ నార్మలైజేషన్ అని ఒక సెట్టింగు ఇచ్చారు, అది ఆన్ చేస్తే ఆ సింగారం పేర్లు మామూలు అక్షరాల్లా వినిపిస్తాయి. పేర్లకి బ్రహ్మాండం.

లెక్కల్లో మాత్రం అదే సెట్టింగు నాకు చేటు. నల్లబల్ల గారు చెప్పిన పీ మీద పీ ఉంది అనేది ఊహ కాదండీ, ఆ సెట్టింగు ఆన్‌లో ఉంటే నాకు వినపడేది అక్షరాలా అదే. లెక్కలు చదివేటప్పుడు ఆఫ్ చేసుకుంటా, అప్పుడు పూర్తి పేరు చదివినా ఫర్వాలేదు, అక్కడ ఫ్రాక్టూర్ అనే మాట నాకు కావాల్సిందే.

బాబు గారికి నా విన్నపం, సైట్లో వాక్యం మధ్యలో ఉన్న ఒక్క అక్షరమైనా సరే మ్యాథ్‌జాక్స్‌తోనే పెట్టండి. అందులో లెక్కల సమాచారం లోపల ఉంటుంది కాబట్టి మా సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కగా గుర్తుపట్టి చదువుతుంది. బొమ్మగా మాత్రం పెట్టొద్దు.

ఓరుగల్లు_పిల్లగాడు

అన్నా సారీ, నాకు గిది తెల్వదు. గేముల పేరు ఉండనియ్యి గానీ వాట్సాప్‌ల, ఇన్‌స్టాల పేరు మామూలుగ మార్చేస్త ఇప్పుడే.

బీజగణితం_బాబు

అందరికీ చాలా థాంక్సండీ. ఎమోజీ పరీక్ష పెట్టా, కోడర్ గారు చెప్పినట్టే ఎమోజీ దగ్గర కూడా తెగింది. సైటు చూసే కుర్రాడికి ఈ థ్రెడ్డు పంపా. ఐదు అక్షరాల డిక్షనరీ పెట్టాక వర్ణమాల పూర్తిగా వచ్చింది, కాకపోతే ఆ ఐదూ ఒక రకంగా, మిగతావి ఇంకో రకంగా కనిపిస్తున్నాయి, గీత మందం కూడా తేడాగా ఉంది.

ఇంకో రెండు చిన్న డౌట్లు. నోట్సు పీడీఎఫ్ కూడా ఇస్తున్నా, అందులోంచి పిల్లలు కాపీ చేసుకుంటే గోథిక్ జీ మామూలు జీ అయిపోతోంది. రెండోది తెలుగు విభక్తులు. గోథిక్ జీలో, గోథిక్ జీకి అని రాయాలంటే గుర్తు పక్కనే లో, కి అతికిస్తున్నా, ఒక్కోసారి మధ్యలో చుక్కల సున్నా వస్తోంది.

అక్షరాలపిచ్చి

మందం తేడా ఫాంటు వల్ల. మీ పేజీకి పెట్టిన తెలుగు ఫాంటులో ఈ గుర్తులేవీ ఉండవు, అందుకని బ్రౌజరు సిస్టంలో ఉన్న వేరే ఫాంట్ల దగ్గర అప్పు తెస్తుంది. పాత ఐదూ చాలా ఫాంట్లలో ఉంటాయి, కొత్తవి కొన్నిట్లోనే, కాబట్టి రెండు చోట్ల నుంచి రెండు రకాలు వస్తాయి. సీఎస్ఎస్‌లో ఈ గుర్తులకి ఒక క్లాసు పెట్టి స్టిక్స్ టూ మ్యాథ్, లాటిన్ మోడర్న్ మ్యాథ్, కాంబ్రియా మ్యాథ్ ఇలా వరసగా ఇవ్వండి, మొదటిది సైటులోనే పెట్టి లోడ్ చేయించండి. ఇవన్నీ పూర్తి సెట్టు ఉన్నవే, అప్పుడు 26 అక్షరాలూ ఒకే చేతి రాతలా ఉంటాయి.

పీడీఎఫ్‌లో జరిగేది వేరు. పీడీఎఫ్‌లేటెక్‌లో ఆయిలర్ ఫ్రాక్టూర్ ఫాంటు లోపల ఆ బొమ్మ పేరు జీ అనే ఉంటుంది, అది ఫ్రాక్టూర్ అనే సంగతి ఫాంటుకే తెలుసు, అక్షరానికి తెలీదు. కాపీ చేస్తే జీ వస్తుంది మరి. లువాలేటెక్‌తో యూనికోడ్‌మ్యాథ్ ప్యాకేజీ పెట్టి సిమ్‌ఫ్రాక్ కమాండ్ వాడండి, అప్పుడు నిజంగా 1డి524 వెళ్లి కూర్చుంటుంది, కాపీ చేసినా అదే వస్తుంది. మీ నోట్సు తెలుగులో కాబట్టి తెలుగు ఫాంటు కోసం ఎలాగూ జీలేటెక్కో లువాలేటెక్కో వాడుతూ ఉండి ఉంటారు, పెద్ద మార్పేం కాదు. జీలేటెక్‌లో కూడా ఈ ప్యాకేజీ పనిచేస్తుంది.

చుక్కల సున్నా సంగతి, గుర్తు వెనకాల హల్లుతో మొదలయ్యేది అతికిస్తే ఇబ్బంది లేదు, లో, కి, ని, తో ఇవన్నీ సొంతంగా నిలబడతాయి. మీరు సంధి చేసినట్టుగా ఒట్టి గుడినో కొమ్మునో దీర్ఘాన్నో గుర్తు మీద పెడితే దానికి ఆధారం లేక సున్నా వస్తుంది. ఐతే, ఐనా, ఉంటే లాంటివి అచ్చుతో పూర్తిగా, ఖాళీ వదిలి రాయండి. లో, కి అతికించినప్పుడు కూడా నేనైతే మధ్యలో చిన్న హైఫన్ పెడతా, లైను చివర గుర్తు ఉండిపోయి లో మాత్రం కింది లైనుకి దిగకుండా విరగని హైఫన్ అయితే ఇంకా మంచిది.

నల్లబల్ల

బోర్డు మీద ఎలా రాస్తున్నారు బాబూ? అడగడానికి కారణం ఉంది, అచ్చులో ఉన్న గోథిక్‌ని చాక్‌పీసుతో గీస్తే ఒక్క లెమ్మా అయ్యేసరికి గంట కొడతారు.

బీజగణితం_బాబు

నేను మామూలు జీ రాసి కింద చిన్న అల గీత పెడుతున్నా సార్. జర్మన్ వాళ్లు చేత్తో ఎలా రాసేవాళ్లు?

నల్లబల్ల

వాళ్లు అచ్చు గోథిక్‌ని చేత్తో గీసేవాళ్లు కాదు, చేతిరాతకి కురెంట్ అని వేరే గొలుసుకట్టు ఉండేది, 1911లో జూటర్లిన్ అనే ఆయన దాన్ని బడి పిల్లలకి సులువు చేసి తయారుచేశాడు, 1915 నుంచి ప్రష్యా బళ్లలో నేర్పారు. పాత ప్రొఫెసర్లు బోర్డు మీద ఆ అక్షరాలే రాసేవాళ్లు. అందులో చిన్న ఇ మనకి ఎన్ లాగా కనపడుతుంది, అది మన పిల్లల నెత్తిన రుద్దకండి. మీ అల గీత బావుంది, కానీ అచ్చుపనిలో కింద అల గీత అంటే బోల్డ్ చేయమని గుర్తు, వెక్టర్లకి కూడా కొందరు అదే పెడతారు. అదే బోర్డు మీద వెక్టర్లు కూడా ఉంటే తికమక. జీ తోకని ఎడమవైపు బాగా చుట్టి, తల మీద చిన్న కొక్కెం పెట్టండి, రెండు గీతల పని, పిల్లలు కూడా పరీక్షలో రాయగలరు. పీకి అయితే నిలువు గీత పైన ఒక వంపు చాలు.